నైరుతి బరువు

తాటిలంక హౌసింగ్ కాలనీలో ఒకటో నంబరు ఇంట్లో పేల్చిన తుపాకీ గుండు ఇరవై నాలుగో నంబరు ఇంటికి చేరడానికి తొమ్మిది పనిదినాలు పడుతుంది. ఆదివారాలు, రెండో శనివారాలు, పండగ సెలవులు లెక్కలోకి రావు. సెలవు రోజు గుండు ఏ గోడలో ఉంటే ఆ గోడలోనే ఆగి, మర్నాడు పదింటికి ఆ ఇంటివాళ్లు రిజిస్టరులో సంతకం పెట్టాక మళ్లీ బయల్దేరుతుంది. సంతకం పెట్టకుండా నాన్చితే అది గోడలో ఉన్నంతసేపూ గీ మని చప్పుడు చేస్తుంది గనక అందరూ పెట్టేస్తారు.

ఆ కాలనీలో ఇరవై నాలుగు ఇళ్లూ ఒకే వరసలో, ఒకదాని వీపు ఒకదానికి ఆనించి ఉంటాయి. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఒక్కటే, అదీ నాలుగున్నర అంగుళాలు. ఇటు ఇంట్లో పోపు వేస్తే అటు ఇంట్లో తుమ్ముతారు. తాళాలు ఇచ్చిన రోజే ప్రతి ఇంటికీ రెండు తాళంచెవులు, ఒక బల్బు, 'ఇంటింటికీ రక్షణ' పథకం కింద ఒక రెండు గొట్టాల తుపాకీ ఇచ్చారు. తూటాలు మాత్రం ఎవరివి వాళ్లే ఎంచుకోవాలి. పేల్చే వేళలు ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు. దొంగలు ఆ సంగతి తెలిసినవాళ్లు గనక ఐదు దాటాకే వస్తారు. అందుచేత కాలనీవాళ్లు పగలే, ముందుజాగ్రత్తగా పేల్చేసుకుంటారు. మూడు నెలలకు ఒకసారైనా పేల్చకపోతే తుపాకీ వెనక్కి తీసుకుంటారు, తుపాకీ లేని ఇల్లంటే పిల్లనివ్వడానికి కూడా జంకుతారు. ఈ ఐదేళ్లలో కాలనీలో జరిగిన దొంగతనం ఒక్కటే. పదకొండో ఇంట్లో కుక్కరు మూత పోయింది. కుక్కరు పోలేదు.

గుండు నెమ్మదిగా పోతుంది కదా అని చులకన చేయకూడదు. దానికి తగ్గింది వేగమే, బలం కాదు. మనిషి రొమ్ము ఎత్తున ఒక గోడలోంచి తల బయటపెట్టి, కప్పు టీ తాగి ముగించేంతసేపట్లో గదిని దాటి అవతలి గోడలో దూరిపోతుంది. దారిలో ఏది అడ్డొస్తే దానికి చిల్లి పడుతుంది. తొమ్మిదో ఇంటాయన దాని పొగరు అణచుదామని రుబ్బురోలు ఎత్తి అడ్డం పెట్టాడు. ఇప్పుడా రోట్లోంచి గేదె పలుపు దూర్చి కట్టుకుంటున్నారు. పదిహేడో ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన మామగారు అది వేడిగా ఉంటుందా అని వేలు పెట్టి చూశాడు. వేడిగానే ఉంటుందని చెప్పాడు గాని, ఆ చెప్పేటప్పుడు చూపించడానికి ఆ వేలు లేదు. మిగతావాళ్లంతా అన్నం కంచం చేత్తో పట్టుకుని కొంచెం వంగుతారు, అది పోయాక లేస్తారు.

ఈ కాలనీవాళ్లు ఎప్పుడూ ఒకే దిక్కుకు పేలుస్తారు. కాలువ గట్టు వాలును బట్టి వరస ఈశాన్యం నుంచి నైరుతికి ఏటవాలుగా ఉంది. గృహప్రవేశాలప్పుడు వచ్చిన సిద్ధాంతిగారు గుండు ఈశాన్యం వైపు పోతే కొంప కొల్లేరవుతుందనీ, సీసం బరువైన పదార్థం గనక నైరుతికి పోవడమే శాస్త్రమనీ చెప్పారు. నైరుతిన బరువు ఉండాలన్నది అందరికీ తెలిసిన విషయమే. అక్కడ బీరువా పెడతారు, వాటర్ ట్యాంకు పెడతారు. ఈ కాలనీకి నైరుతిన ఇరవై నాలుగో నంబరు ఇల్లు ఉంది. అందులో మట్టపర్తి గవర్రాజు ఉన్నాడు.

గవర్రాజుకి బస్టాండులో, మైకులో బస్సుల రాకపోకలు చెప్పే ఉద్యోగం. లాటరీలో ఆ ఇల్లు వచ్చినప్పుడు చివరి ఇల్లు, గాలీ వెలుతురూ వస్తాయని మురిసిపోయాడు. సామాన్లు దించుతుంటే ఇరవై మూడో ఇంటి కామాయమ్మ గారు మజ్జిగ చెంబుతో వచ్చి, పాప మంచం ఎక్కడ వేస్తారని అడిగి, తానే చోటు చూపించింది. "ఆ సివరి గోడకి ఆనించెయ్యండి బాబూ. సలికాలంలో ఎచ్చగా ఉంటాది," అంది. నిజంగానే వెచ్చగా ఉండేది. పాప మాణిక్యం అప్పుడు రెండేళ్లది, ఆ గోడకి వీపు ఆనించి హాయిగా నిద్రపోయేది. గోడ ఎందుకు వెచ్చగా ఉందో, తన కళ్ల ముందే ఒక గుండు వచ్చి అందులో దూరాక గాని గవర్రాజుకి తెలియలేదు. అప్పటికి మంచం బోల్టులు బిగించేశారు.

చివరి గోడ కాబట్టి దాన్ని ఇటుకన్నర మందాన కట్టారు. ఇరవై మూడు గోడలు దాటి వచ్చిన గుండు అందులో ఆగిపోయేది. ఐదేళ్లలో గోడ కడుపుతో ఉన్న మనిషిలా గదిలోకి ముందుకు వచ్చింది. పదడుగుల గది ఎనిమిదడుగులైంది. మాణిక్యం ప్రతి పుట్టినరోజుకీ తన ఎత్తు తలుపు మీదా, గోడ పొట్ట నేల మీదా పెన్సిలుతో గీసుకునేది. గోడే ఎక్కువ పెరిగింది.

ఒక గురువారం నాడు హౌసింగ్ ఆఫీసు నుంచి ఏఈ దైవకుమార్ గారు వచ్చి గోడను వేలితో కొట్టి చూసి, మర్నాడే నోటీసు పంపించారు. 'మీ గృహము యొక్క నైరుతి గోడ పూర్తి సామర్థ్యమునకు చేరినందున, ఇకపై వచ్చు గుండ్లను గృహస్థులే స్వీకరించవలెను. స్వీకరించువారి పేరు జతపరచిన ఫారములో ఏడవ గడి యందు సిరాతో నింపవలెను. కొట్టివేతలు, దిద్దుబాట్లు చెల్లవు.' అదే కాగితం కింద, ఒకటో ఇంటి చోడిశెట్టి నాగభూషణం గారు సోమవారం ఉదయం పది గంటలకు ఒంటి గుండు పేల్చనున్నారనీ, అది పై బుధవారం మధ్యాహ్నం చేరగలదనీ, ఆ సమయానికి ఇంటి వద్ద ఉండగలరనీ రాసి ఉంది.

గవర్రాజు నోటీసు మూడుసార్లు చదివి భార్య వరాలు చేతికిచ్చాడు. ఆమె ఒక్కసారే చదివింది.

"నా పేరు రాసెయ్యండి. మీకు ఉజ్జోగం ఉంది," అంది.

"నువ్వు లేపోతే ఆ ఉజ్జోగం నాకెందుకే. నాదే రాత్తాను," అన్నాడు.

ఆఖరి చేప ముక్క నువ్వు తినంటే నువ్వు తినమన్నట్టు కాసేపు వాదించుకుని, ఎటూ తేలక ఫారాన్ని పంచదార డబ్బా కింద పెట్టారు. గవర్రాజుకి భయం వేసింది. చచ్చిపోతానన్న భయం కన్నా, వాదనలో తాను ఓడిపోతే బాగుండునని లోపల ఎక్కడో అనిపించినందుకు ఎక్కువ వేసింది.

శనివారం పొద్దున్న పడాల వీర్రాజు కొట్టుకు వెళ్లాడు. వీర్రాజు పూర్వం ఉప్మా రవ్వలు అమ్మేవాడు. పథకం వచ్చాక తూటాల లైసెన్సు తీసుకున్నాడు గాని పాత డబ్బాలూ, వాటి మీద రాసిన పేర్లూ మార్చలేదు. అందుకని కాలనీలో ఇప్పటికీ తూటాలను ఆ పేర్లతోనే అడుగుతారు. గవర్రాజు మెట్టెక్కగానే వీర్రాజు అలవాటు ప్రకారం అడిగాడు.

"ఎవరింటి దాకా అండి?"

"కొనడానికి రాలేదు వీర్రాజు గారూ. అడుగుదామని వచ్చాను. ఏ రకం ఎంత దూరం ఎళ్తాది?"

వీర్రాజు డబ్బాలు చూపించాడు. సన్నరవ్వ పేలిస్తే మొదటి గోడ దాటి పక్కింట్లో రాలిపోతుంది, చీపురుతో ఎత్తుకోవచ్చు. ముతకరవ్వ నాలుగిళ్లు. శనగగింజంత ఉండే శనగగుండు డజను ఇళ్లు పోయి ఎవరో ఒకరి దేవుడి గూట్లో ఆగుతుంది. ఒంటి గుండు ఎక్కడా ఆగదు, ఆఖరుదాకా. గవర్రాజుకి అది బాగానే అర్థమైంది. ఆర్డినరీ బస్సుకీ ఎక్స్‌ప్రెస్సుకీ తేడా రోజూ మైకులో చెప్పేవాడే కదా.

"అయితే అందరూ సన్నరవ్వ కొంటే మా సివరి గోడ దాకా రాదన్నమాట."

"రాదండి. దొంగకైతే సన్నరవ్వే సాలు. గదిలో ఉన్నోడికి తగలాలంటే గోడలు దాటే సరుకు దేనికండి? నేను అందరికీ అదే సెప్తాను. సన్నరవ్వ తీసుకోండి, ఇంటి వరకూ సరిపోద్ది అని. ఒక్కడు కొంటే ఒట్టు." అతను సన్నరవ్వ డబ్బా దింపి మూత తీసి చూపించాడు. తూటాల మీద దుమ్ము పేరుకుని ఉంది.

"ఎందుకు కొనరు?"

"మంచోళ్లండి," అన్నాడు వీర్రాజు, ఆ మాట చెప్పడానికే బాధపడుతున్నట్టు. "అంతా మరీ మంచోళ్లు."

దాని భావం గవర్రాజుకి ఆదివారం నాడు తెలిసింది. నాగభూషణం గారు కాలనీ సంఘానికి అధ్యక్షులు కూడాను. నోటీసు విషయం చెవిన పడగానే ఆయనే తన వాకిట్లో సామియానా వేయించి, కుర్చీలు తెప్పించి మీటింగు పెట్టారు. ఇరవై మూడు ఇళ్ల నుంచీ వచ్చారు. గవర్రాజుని ముందు కుర్చీలో కూర్చోబెట్టి అటుకుల ఉప్మా పెట్టారు. అతను లేచి, అందరూ సన్నరవ్వ వాడితే చాలని, దొంగ వచ్చేది గదిలోకే గనక గుండు ఇన్ని గోడలు దాటనక్కర్లేదని, తనకు ఏడేళ్ల పాప ఉందని చెప్పాడు. మైకులో మాట్లాడే గొంతే అది, ఎక్కడా తడబడలేదు. విన్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు.

నాగభూషణం గారు నిజంగానే కదిలిపోయారు. "నువ్వు సెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం గవర్రాజూ. కాని ఒక్క ముక్క ఆలోసించు. నేను రవ్వ పేలుస్తాను. అది ఎక్కడ రాల్తాది? రెండో ఇంట్లో, శేషమ్మ గారి వంటింట్లో. ఆవిడ మాకు రోజూ తోడుకి పెరుగిత్తాది. నేను పొద్దున్నే లేచి ఆవిడ మొకం ఎలా సూడను?"

శేషమ్మ గారు లేచి, తాను పేలిస్తే మూడో ఇంట్లో రాలుతుందనీ, మూడో ఇంటి కోడలు తన చేతుల మీద పురుడు పోసుకున్న పిల్లనీ చెప్పింది. మూడో ఇంటాయన నాలుగో ఇంటాయనతో కలిసి ఒకే సైకిలు మీద పనికి వెళ్తాడట. ఇలా ఒకరి తరవాత ఒకరు లేచి పక్కింటివాళ్ల మంచితనం చెప్పుకుంటూ పోయారు. ఆ కాలనీలో ఇరుగుపొరుగు ఎంత ప్రేమగా ఉంటారో అప్పటిదాకా అంత వివరంగా ఎవరూ చెప్పలేదు. చివరికి కామాయమ్మ గారి వంతు వచ్చింది. ఆవిడకి పక్కిల్లు గవర్రాజుదే.

"నేను శనగగుండు వోడతాను బాబూ," అంది తలొంచుకుని. "సన్నరవ్వైతే మీ ఇంట్లో కింద రాల్తాది, పాప ఏరి నోట్లో పెట్టుకుంటాదని. శనగగుండైతే గోడలోకెళ్లి కూకుంటాది కదా."

సిద్ధాంతిగారు పంచాంగం తిరగేసి, నైరుతిన ఇంత బరువు చేరడం వల్లే కాలనీలో ఐదేళ్లుగా ఒక్క గుండె జబ్బు కూడా రాలేదని గుర్తుచేశారు. దానికి అందరూ తలలూపారు. చివరికి ఏకగ్రీవంగా రెండు తీర్మానాలు చేశారు. మొదటిది, మట్టపర్తి వారి కుటుంబానికి కాలనీ తరఫున ముందస్తు సంతాపం తెలియజేయడం. రెండోది, పై బుధవారం మధ్యాహ్నం వాళ్లింట్లో వంట చేయనివ్వకుండా తలా ఒక కూర పంపడం. దొండకాయ వేపుడు ఎవరు చేయాలన్న దగ్గర కొంచెం పట్టింపులు వచ్చాయి.

సోమవారం పదింటికి నాగభూషణం గారు పేల్చారు. చప్పుడు కాలువ అవతల దాకా వినిపించింది. కొంగలు లేచాయి. ఏ దొంగా లేడు గనక గుండు తిన్నగా గోడలోకి పోయింది. శేషమ్మ గారు పదీ నలభైకి సంతకం పెట్టింది.

మంగళవారం సాయంత్రం గవర్రాజు డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి మాణిక్యం గుమ్మంలోనే ఎదురై, మంచి పని చేసిన మొహం పెట్టుకుని ఫారం చూపించింది. ఏడో గడి నిండి ఉంది. 'మట్టపర్తి మాణిక్యం' అని, గుండ్రటి అక్షరాలతో, ఒక్క గీత బయటికి పోకుండా, సిరాతో.

"ఎందుకు రాశావమ్మా?" అన్నాడు. 

"మా టీచరు సెప్పారు నాన్నా. ఏ ఫారంలోనైనా పేరు అన్నకాడ ఎవరి పేరు వాళ్లే రాయాలంట. మీరిద్దరూ రాయకుండా డబ్బా కింద ఎట్టేశారని నేను రాసేశాను."

ఎదురుగా వరాలు గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. అమ్మాయి చేతిరాత బాగుందని ఏడాదంతా పొంగిపోయిన మనిషి, ఆ చేతిరాత కేసి చూడలేక కొంగు కప్పుకుంది. గవర్రాజు ఆ కాగితాన్ని చించేద్దామనుకున్నాడు. చించితే కుటుంబమంతా పేర్లు ఇచ్చినట్టు భావించబడునని వెనక సన్న అక్షరాలతో ఉంది. ఆ సన్న అక్షరాలు రాసినవాడెవడో గాని తండ్రుల సంగతి బాగా తెలిసినవాడు.

బుధవారం సెలవు పెట్టి హౌసింగ్ ఆఫీసుకు పోయాడు. దైవకుమార్ గారు ఫారం అందుకుని, చేతిరాత చూసి, "ఎవరు రాశారు? చాలా చక్కగా ఉంది. మా దగ్గరికి వచ్చేవన్నీ కోడిగీతలు," అన్నారు.

"అది పొరపాటండి. ఏడేళ్ల పిల్లండి. ఇంకో ఫారం ఇప్పించండి, నా పేరు రాత్తాను."

"ఇంకో ఫారం ఇవ్వాలంటే మొదటిది వాడినట్టు రుజువు ఉండాలి."

"వాడాక ఇంకోటి దేనికండి?"

"ఆ ప్రశ్న మేమూ పైకి రాశాం. జవాబు రాలేదు." ఆయన కసురుకునే మనిషి కాదు. గవర్రాజుని కూర్చోమని, మంచినీళ్లు తెప్పించారు.

"పోనీ గోడ మందం పెంచండి. ఇంకో ఇటుక వేయించుకుంటాను."

"మందం పెంచాలంటే రాజధాని నుంచి అనుమతి రావాలి. ఏడాది పడుతుంది. తగ్గించాలంటే నా సంతకం చాలు." ఆయన అన్నది మామూలుగానే. కాని అన్నాక ఆయనే ఒక్క క్షణం ఆగి, లేచి, బీరువా మీద నుంచి ఒక నక్షా చుట్ట దింపి విప్పారు. కాలనీ రెండో విడత నక్షా అది. ఇరవై నాలుగు దగ్గర వరస ఆగలేదు. ఇరవై ఐదు నుంచి నలభై ఎనిమిది దాకా గీతలు సాగాయి.

"ఇరవై ఐదు పూర్తయింది. మిగతావి పునాదుల్లో ఉన్నాయి. అంటే మీ గోడ ఇక చివరి గోడ కాదు, ఉమ్మడి గోడ. ఉమ్మడి గోడ నాలుగున్నర అంగుళాలకు మించకూడదు. అసలు ఇన్నాళ్లూ మీరు రూలుకు విరుద్ధంగా ఉన్నారు." ఆయన కలం తీసి కొత్త కాగితం మీద రాయడం మొదలుపెట్టారు. మధ్యలో తలెత్తి అడిగారు. "గోడకి అవతలివారి అభ్యంతరాలు ఏమైనా ఉన్నాయా?"

 కిటికీ బయట ఎవరో స్కూటరు తన్నుతున్నారు, అది రాజుకోవడం లేదు. "అవతలివాళ్లు ఇంకా లేరండి," అన్నాడు గవర్రాజు.

'అవతలివారు లేరు' అని దైవకుమార్ గారు గడిలో రాసి, కింద గీత గీశారు.

గురువారం నుంచి శనివారం దాకా మేస్త్రి ఇద్దరు కూలీలతో వచ్చి గోడని రెండు వైపుల నుంచీ చెక్కాడు. లోపల సీసం పనసకాయంత ముద్దలుగా గట్టిపడి ఉంది. దాన్ని ఎక్కడ పారబోయాలన్న మీమాంస వస్తే, నైరుతి సొత్తు నైరుతికే చెందాలని సిద్ధాంతిగారు కబురు పంపారు. ఆ ముద్దల్ని పాతికో ఇంట్లోంచి మోసుకుపోయి, దాని చివరి గోడలో కూరి, పైన సున్నం కొట్టించారు. గవర్రాజు గది మళ్లీ పదడుగులైంది. మాణిక్యం నేల మీది పాత గీతలన్నీ ఒకటొకటిగా తొక్కుకుంటూ ఆ చివర నుంచి ఈ చివరకి నడిచింది. గుండు శనివారం సాయంత్రానికి పదహారో ఇంటి గోడకు చేరి, ఆదివారం సెలవుకి అక్కడ ఆగింది.

సోమవారం బస్టాండులో గవర్రాజు మనసు మనసులో లేదు. "ప్రయాణికులకు గమనిక. పదిహేడో నంబరు ఇంటికి వెళ్లవలసిన గుండు మరికొద్ది సేపట్లో బయలుదేరును," అని మైకులో అనేశాడు. ఎవరూ వింతగా చూడలేదు. ఒక ముసలాయన సంచీ సర్దుకుని, అది ఎన్నో ప్లాట్‌ఫారమ్మని కిటికీ దగ్గరకి వచ్చి అడిగాడు.

మంగళవారం పాతికో ఇంటికి మనుషులు వచ్చారు.

ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే సోంబాబు, అతని భార్య రత్నం, ఐదు నెలల పాప. రెండు మంచాలు, ఒక స్టవ్వు, ఇత్తడి గొలుసుల ఉయ్యాల. తాళాలు ముందే ఇచ్చేశారట, ముహూర్తం కుదరక ఆగారట. వరాలు వాళ్లని చూసి వంటింట్లోకి పోయి మజ్జిగ కలిపింది, కలిపింది గాని తీసుకెళ్లలేదు. చెంబు గట్టు మీద పెట్టి మొగుడి కేసి చూసింది. గవర్రాజు చెంబు అందుకున్నాడు. వాకిట్లో నాలుగడుగులు వేసేలోగా అన్నీ చెప్పేయాలని నిశ్చయించుకున్నాడు. గుండు సంగతి, ఫారం సంగతి, ఏడో గడి సంగతి, ముందు ఆ పాప పేరు సిరాతో ఎక్కడా రాయొద్దని.

రత్నం ఉయ్యాల గొలుసులు చేత్తో పట్టుకుని గది మధ్య నిలబడి ఉంది. "అన్నయ్యగారూ, ఉయ్యాల ఎక్కడ కడితే బాగుంటదంటారు? పిల్లకి రొంప తగ్గట్లేదండి. ఈ గోడ ముట్టుకుంటే ఎచ్చగా ఉందండి, ఎందుకో," అంది.

గవర్రాజు నోరు తెరిచాడు. వచ్చిన గొంతు అతనిది కాదు, మైకుది. ఎక్కడా తడబడలేదు.

"ఆ గోడ పక్కనే కట్టెయ్యమ్మా. సలికాలంలో ఎచ్చగా ఉంటాది."

మేకు తనే కొట్టి ఇచ్చాడు. కాస్త కిందికి కొట్టాడు. మనిషి రొమ్ము ఎత్తుకి రెండు జానలు కిందికి ఉయ్యాల వేలాడేలా, కొలిచి మరీ కొట్టాడు. అంతకన్నా ఏం చేయగలనని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. నచ్చలేదు గాని ఒప్పుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం మూడున్నరకి గుండు కామాయమ్మ గారి గోడలోంచి తల బయటపెట్టింది. బల్ల మీద ఇరవై మూడు రకాల కూరలు ఉన్నాయి, అందులో తొమ్మిది దొండకాయ వేపుళ్లు. కూరలు తెచ్చినవాళ్లు గుమ్మంలో చెప్పులు విప్పి నిలబడ్డారు. గవర్రాజు సంతకం పెట్టి కిందికి వంగాడు. వరాలు పిల్లని ఒళ్లోకి లాక్కుని నేల మీద కూర్చుంది. గుండు ముగ్గురి తలల మీదుగా మెల్లగా, పెళ్లిలో పెద్దమనిషి నడిచినట్టు గదిని దాటి, కొత్తగా పల్చబడిన గోడలో దూరింది. గోడ అడ్డు చెప్పలేదు. కాసేపటికి అవతలి వైపు నుంచి రత్నం గొంతు వినపడింది. "ఏవండోయ్, ఇదేదో సూడండి, పాప నవ్వుతోంది," అంటోంది. తరవాత పాప నవ్వు వినపడింది. పల్చటి గోడ గనక చాలా దగ్గరగా వినపడింది. అప్పుడు వరాలు ఏడ్చింది. 

కూరలు తెచ్చినవాళ్లు ఏం చేయాలో తోచక, సంతాపం ఎలాగూ తీర్మానించాం గదా అని అది చెప్పేసి, గిన్నెలు తరవాత పట్టుకెళ్తామని వెళ్లారు. దైవకుమార్ గారి దగ్గర నుంచి సాయంత్రం కాగితం వచ్చింది. గోడ సామర్థ్యం తిరిగి ఏర్పడినందున ఏడో గడి ప్రస్తుతానికి అవసరం లేదనీ, ఫారం చక్కగా నింపి ఉన్నందున ఎప్పుడైనా పనికొచ్చుటకై ఆఫీసులో భద్రపరచడమైనదనీ.

దాని కిందే ఇంకో వాక్యం ఉంది. గవర్రాజు తన తుపాకీ పేల్చి మూడు నెలలు కావస్తున్నది. ఐదేళ్లుగా అతను ఏ తూటా ఎంచుకోనక్కర్లేకపోయింది. అతని అవతల ఎవరూ లేరు గనక చివరి గోడలోకి ఏదో ఒకటి, కొట్టువాడు ఇచ్చింది, పేల్చేసేవాడు. ఇప్పుడు ఎంచుకోవాలి.

గురువారం డ్యూటీకి పోతూ దారిలో వీర్రాజు కొట్టు మెట్టెక్కాడు. వీర్రాజు అతన్ని చూసి నిజంగా సంతోషించి, సన్నరవ్వ డబ్బా తనే దింపి, దుమ్ము ఊది ముందు పెట్టాడు.

"మీరైనా తీసుకుంటారని ఎదురుసూత్తున్నానండి."

గవర్రాజు ఒక తూటా తీసి అరచేతిలో దొర్లించాడు. తేలిగ్గా ఉంది. దీన్ని పేలిస్తే పాతికో ఇంట్లో రాలుతుంది, ఉయ్యాల కింద. నిన్న సాయంత్రం రత్నం అన్నయ్యగారూ అని పిలుస్తూ గిన్నెడు చలిమిడి తెచ్చి ఇచ్చింది. పాప మాణిక్యం వేలు పట్టుకుని వదల్లేదు. అతను తూటాని తిరిగి డబ్బాలో పెట్టి మూత వేశాడు.

"ఇది వద్దండి. పక్కింట్లో పసిపిల్ల ఉంది."

వీర్రాజు సన్నరవ్వ డబ్బా తీసి మళ్లీ అటక మీద పెట్టి, చేతులు దులుపుకుని వచ్చి, అలవాటు ప్రకారం అడిగాడు.

"అయితే ఎవరింటి దాకా ఇమ్మంటారు?"

గవర్రాజు ఆలోచించాడు. పాతిక దాటితే ఇరవై ఆరు. పునాదుల్లో ఉంది, వచ్చే వేసవికి లేస్తుంది. అక్కడికి వచ్చేదెవరో, వాళ్లకి పిల్లలున్నారో లేదో, వాళ్ల మొహాలు ఎలా ఉంటాయో అతనికి తెలియదు. బస్సుకి వేళవుతోంది.

"మనకి తెలిసినోళ్లు అయిపోయేదాకా," అన్నాడు.

వీర్రాజు చెయ్యి చాపి, చూడకుండానే, ఒంటి గుండు డబ్బా అందుకున్నాడు.